నూరడుగుల సరంగు

వెంకటాద్రి గారికి ఒక్క దురలవాటూ లేదు. ఉమాదేవి ఫిర్యాదల్లా అదే.

తాగే మొగుడైతే ఇరుగూ పొరుగూ జాలిపడతారు. పేకాడే మొగుడైతే పుట్టింటివాళ్ళు వచ్చి నాలుగు చివాట్లు పెట్టి వెళ్తారు. హాల్లో తొమ్మిదడుగుల పడవ పెట్టుకుని కూర్చున్న మొగుణ్ణి ఏం చెయ్యాలో బందరు మొత్తం మీద ఒక్కరికీ తెలియదు. "పోనీలెండి, ఇంటిపట్టునే ఉంటున్నారు కదా" అనేసి కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఇంటిపట్టున ఉండటమే కదండీ అసలు బాధ!

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది కాస్త చెప్పుకోవాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే వెంకటాద్రి గారు కిందటి దసరాల్లో గిలకలదిండి పోతయ్య చేత ఒక నమూనా పడవ చేయించారు. నమూనా అంటే షోకేసులో పెట్టుకునేదనుకునేరు. పోతయ్య పుట్టి బుద్ధెరిగాక సముద్రం మీదికెళ్ళే పడవలే చేశాడు గానీ బొమ్మలు చెయ్యలేదు. "ఇంతకంటే చిన్నది చెయ్యటానికి నాకు చేతులు రావు సారూ" అన్నాడు. దానికి మోటారు, బ్యాటరీ, చుక్కాని తిప్పే యంత్రం, మద్రాసు నుంచి తెప్పించిన రిమోటు అమిరాయి. గట్టు మీద నిలబడి మీట కదిపితే పడవ వెళ్ళాలి, తిరగాలి, రావాలి. వెళ్తోంది కూడా. నూరడుగులు వెళ్తోంది. ఆ పైన మాట వినదు. నడి నీళ్ళలో ఆగిపోయి, గాలి ఎటు తోస్తే అటు మొహం తిప్పుకుంటుంది. సముద్రం మీద పడవని నడిపించే పెద్దని సరంగు అంటారు. పోతయ్య వెంకటాద్రి గారికి 'నూరడుగుల సరంగు' అని పేరు పెట్టాడు. ఆయన లేనప్పుడే అన్నాడు గానీ, ఉమాదేవి ఉన్నప్పుడు అన్నాడు. అంటే ఆయనతో అన్నట్టే.

పడవ వచ్చిన దగ్గర్నుంచీ ఆలుమగలు భోజనం వంటింట్లో, నిద్ర వరండాలో. అదీ సర్దుకుపోయేదే. కానీ ఉమాదేవికి ఒక బి.ఎస్సీ. డిగ్రీ ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ బీరువాలో పట్టుచీరల కింద పడి ఉంది. వీధిలో ఆడపిల్లలు సైన్సు చెప్పమని అడుగుతున్నారు. చెప్పాలని ఆవిడకి ప్రాణం లాగుతోంది. కూర్చోబెట్టడానికి చోటేదీ? అందుకే పోయినవారం తెగేసి చెప్పింది. ఆదివారం నాడు పడవ చెరువు అవతలి గట్టు తాకి, ఎవరూ లాక్కురాకుండా తిరిగొస్తే హాలు పడవది. రాకపోతే హాలు తనది, పడవ పెరట్లోకి. వెంకటాద్రి గారు సరేనన్నారు. తీర్పు చెప్పడానికి గుడివాడ నుంచి తన అక్కయ్య అమ్మాజీని పిలిపించారు.

అక్కడొచ్చింది చిక్కు. దసరాలకి అమ్మాజీ వచ్చి వెళ్ళిన మర్నాడు, ఉమాదేవికి వాళ్ళమ్మ కాపురానికి పంపేటప్పుడు ఇచ్చిన స్టీలు డబ్బా కనపడకుండా పోయింది. ఇల్లంతా వెతికి, "గుడివాడలో స్టీలు సామాను కొట్లు లేవు కాబోలు" అని ఉమాదేవి ఒక్క మాట అంది. అదీ పెరట్లో, తనలో తను. ఆ మాట సాయంత్రం బస్సుకి గుడివాడ చేరింది. "ఆ డబ్బా నా గడప తొక్కి ఉంటే నా మీద ఒట్టు!" అని అమ్మాజీ అక్కడ అరుగు మీద నిలబడి అందిట. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఆదివారం తెల్లవారగానే ఉమాదేవి ఇనప బీరువా తెరిచింది. చీర తీస్తూ, చేతిలో పాడుతున్న బుల్లి ట్రాన్సిస్టరుని బట్టల అరలో పెట్టి, పెట్టిన సంగతి మరిచి తలుపు వేసింది. పాట ఠక్కున ఆగిపోయింది. బ్యాటరీలు అయిపోయాయేమోనని తీస్తే, మధ్య చరణంలోంచి మళ్ళీ అందుకుంది. మళ్ళీ వేసింది. ఆగింది. తీసింది. పాడింది.

"నీకూ ఈ ఇంటి నీళ్ళు పట్టాయే" అని దాన్ని చేసంచీలో పడేసుకుని బయల్దేరింది.

*

చెరువు కోడూరు అవతల ఉంది. రొయ్యల చెరువు. పోతయ్య బావమరిది అక్కడ కాపలా. ఒక పంట పట్టేసి, మళ్ళీ రొయ్యపిల్ల వదలడానికి ఇంకా టైముంది కాబట్టి నీళ్ళు తప్ప ఏమీ లేవు. అవతలి గట్టు మూలన తూము, తూము వెనక మురుగు కాలవ.

"తూము తలుపు తీసుంది సారూ, పాత నీళ్ళు వదిలేస్తన్నాం" అన్నాడు పోతయ్య, పడవ ముక్కుకి పసుపూ కుంకుమా పెడుతూ. "ఆ మూలకి మాత్రం పోనివ్వమాకండి. అందులో పడితే కాలవ, కాలవలోంచి సముద్రం. మనకి దొరకదు."

"నా పడవ ఎక్కడికెళ్ళాలో నాకు తెలుసు పోతయ్యా."

"నూరడుగులు దాటితే కదరా ఆ బెంగ" అంది అమ్మాజీ. ఆవిడ మడతకుర్చీలో, గొడుగు కింద, ఒళ్ళో జంతికల సీసాతో అచ్చం జడ్జీలా కూర్చుంది. ఆవిడకి పదడుగుల దూరంలో ఉమాదేవి ఎండలో నిలబడి ఉంది.

"ఒరే తమ్ముడూ, మీ ఆవిణ్ణి గొడుగు కిందకి రమ్మను. మే నెల ఎండ."

"ఉమా, గొడుగు కిందకి రమ్మంటోంది అక్కయ్య."

"నాకు ఎండ అలవాటేనని చెప్పండి. వరండాలోనే కదా నా కాపురం."

"అక్కయ్యా, తనకి అలవాటేనట."

"వరండా ముక్క మింగేశావేం? నాకు వినపడింది" అంది అమ్మాజీ.

ఉద్యోగంలో వెంకటాద్రి గారు రోజుకి ఎన్నో లైన్లు కలుపుతారు. ఈ ఒక్క లైను కలపాలంటే మాత్రం ఆయనకి చెమటలు పోస్తాయి.

ఆయన ఈసారి పెద్ద ఏర్పాటుతోనే వచ్చారు. పడవ మాట వినకపోవడానికి రిమోటు ఏరియల్ పొట్టిదవడమే కారణమని ఆయన సిద్ధాంతం. ఈ సీమలో టీవీలో బొమ్మ రాకపోతే డాబా మీద గొట్టం ఇంకా పైకి లేపుతారు, వస్తుంది. పడవకైనా అంతే కదా. అందుకని మొదట గొడుగు ఊచ కట్టారు. నూరడుగులు. తర్వాత బట్టలారేసే కర్ర మీద తీగ చుట్టారు. నూరడుగులు. ఇప్పుడు ఇంటి మీది టీవీ యాంటెన్నానే గొట్టంతో సహా ఊడబెరికి తెచ్చారు. అది పట్టుకోవడానికి పోతయ్య, రిమోటు పట్టుకోవడానికి ఆయన, ఇద్దరికీ మధ్య ఒక తీగ.

"మనవైపు గొట్టాలు పెంచుకుంటూ పోతున్నారు సరే, అవతల దానికి వినపడుతోందో లేదో చూశారా?" అని ఉమాదేవి పోయిన నెలే అడిగింది.

"ఇరవై ఏళ్ళ నుంచీ ఊరందరికీ వినపడేట్టు చేస్తున్నవాణ్ణి. నాకు చెప్తావా?" అన్నారాయన. ఆ తర్వాత ఆవిడ అడగలేదు.

పోతయ్య కొబ్బరికాయ కొట్టాడు. పడవ నీళ్ళలోకి దిగింది. మోటారు గుయ్యిమంది. తెరచాప కొయ్యకి కట్టిన ఎర్ర జాకెట్టుగుడ్డ రెపరెపలాడుతుంటే, పడవ నిజంగానే చూడముచ్చటగా సాగిపోయింది. హాలు పోయినట్టేననుకుంది ఉమాదేవి.

నూరడుగుల దగ్గర మోటారు ఆగింది. పడవ తీరిగ్గా పక్కకి తిరిగి, కొంగల వైపు చూస్తూ నిలబడింది.

"ఎత్తు పోతయ్యా! ఇంకా ఎత్తు!"

"ఇంకెత్తితే నేనే ఎగిరిపోతాను సారూ!"

"అయితే పరిగెత్తు, దగ్గరికెళ్దాం!"

ఇద్దరూ గట్టు వెంబడి పరుగు. ముందు రిమోటుతో వెంకటాద్రి గారు, వెనక యాంటెన్నాతో పోతయ్య, మధ్యలో తీగ. ఆయన ఆగితే పోతయ్య ఆగలేదు, పోతయ్య ఆగితే తీగ ఆగనివ్వలేదు. చివరికి యాంటెన్నా బురదలో దిగబడి, పోతయ్య దాని మీద, వెంకటాద్రి గారు పోతయ్య మీద పడ్డారు.

అమ్మాజీ ఒక జంతిక విరిచి నోట్లో వేసుకుంది. "తమ్ముడూ, ఇది లెక్కలోకి రాదు. దెబ్బలేం తగల్లేదు కదా? అయితే ఇంకొకసారి చూసుకో. అప్పుడు చెప్తాను తీర్పు."

పోతయ్య బావమరిది దోనె వేసుకెళ్ళి పడవని లాక్కొచ్చాడు. వెంకటాద్రి గారు బురద కాళ్ళతోనే చతికిలబడి, పైచెక్క స్క్రూలు విప్పసాగారు. "బ్యాటరీ కనెక్షన్ వదులై ఉంటుంది. ఉమా, నువ్వు కాస్త అటు జరుగు, నీడ పడుతోంది."

ఆయన నీడ గురించి ఎన్నడూ పట్టించుకున్న మనిషి కాదు. ఉమాదేవి జరగలేదు సరికదా, వంగి చూసింది.

పడవ కడుపులో, మోటారు పక్కన, సైకిలు ట్యూబుతో బిగించి కట్టిన ఒక గుండ్రటి స్టీలు డబ్బా ఉంది. దాని మీద మూతకి బదులు స్టీలు పళ్ళెం బోర్లించి ఉంది. పక్కన చిన్న చిల్లు పొడిచి, అందులోంచి తీగలు బయటికి తీశారు. చిల్లు పక్కనే చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు.

"నా కందిపొడి డబ్బా" అంది ఉమాదేవి, చాలా నెమ్మదిగా.

"అదా... అది వాటర్‌ప్రూఫ్" అన్నారు వెంకటాద్రి గారు.

"ఏమిటీ?"

"రిమోటు చెప్పే మాట వినే రిసీవరుంటుంది చూడు, దానికి ఉప్పుగాలి తగిలితే చెడిపోతుంది. ఇందులో పోస్తే కందిపొడి ఆరునెలలైనా మెత్తబడదని నువ్వే అంటావు కదా. నీ మాట మీద నమ్మకంతోనే..."

"దసరాల నుంచీ ఇల్లంతా వెతికానండీ!"

"వెతికావు. కానీ నన్నడగలేదు. అక్కయ్యని అనుకున్నావు. మధ్యలో నేనెందుకులే అని ఊరుకున్నాను."

వెనక కుర్చీ కిర్రుమంది. అమ్మాజీ లేచింది. గొడుగు మూసింది. ఆ గొడుగుతోనే డబ్బా వైపు చూపించింది.

"ఒరే తమ్ముడూ. దాని మీద ఏం రాసుందో మీ ఆవిణ్ణి చదవమను. ఆ కొంగలక్కూడా వినపడాలి."

ఉమాదేవి చదివింది. "చి.సౌ. ఉమాదేవికి అమ్మ ఇచ్చినది."

"నా గడప తొక్కిందేమో అడుగు."

"ఉమా, అక్కయ్య గడప..."

"వినపడింది." ఉమాదేవి కొంగు సర్దుకుంది. ఒకసారి చెరువు వైపూ, ఒకసారి తన చెప్పుల వైపూ చూసింది. "డబ్బా దొరికిందని చెప్పండి మీ అక్కయ్య గారితో."

"ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు వెంకటాద్రి గారు, ట్రంకు కాల్ టైమైపోతున్నప్పుడు అడిగినట్టు.

"...అంతే."

"లైను బాగాలేదు, నాకేం వినపడలేదని చెప్పు" అంది అమ్మాజీ.

"అసలు మీరు చేసిందేమిటండీ!" ఉమాదేవి మొగుడి మీదికి తిరిగింది. "ఇన్నాళ్ళూ ఇద్దరం కొట్టుకు చస్తుంటే మధ్యలో కూర్చుని మాటలు అందించారు గానీ, తప్పు నాదని ఒక్కసారైనా..."

"ఇందులో తప్పొప్పులు చూడకూడదు ఉమా. టెక్నికల్‌గా చూడాలి."

ఆవిడ సైకిలు ట్యూబు విప్పి, పళ్ళెం ఎత్తింది. లోపల అగ్గిపెట్టెంత రిసీవరు. దాని తోకలాంటి సన్నటి తీగని చక్కగా ఉండచుట్టి, రబ్బరుబ్యాండు వేసి, డబ్బా అడుక్కి అణిచిపెట్టారు. చుట్టూ స్టీలు, పైన స్టీలు.

ఉమాదేవికి పొద్దుటి బీరువా గుర్తొచ్చింది. తలుపు వేస్తే ఆగిన పాట, తీస్తే అందుకున్న పాట.

గొట్టం మనవైపు ఆకాశానికి లేపినా, వినవలసినదాన్ని తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెడితే ఏం వింటుంది? ఆ తీగల చిల్లులోంచి దూరిన కాస్త మాటకే పాపం అది నూరడుగులు వెళ్తోంది!

విషయం తెలిసిన ఉత్సాహం ఒక్క క్షణమే ఉంది. రెండో క్షణంలో హాలు గుర్తొచ్చింది. ఇప్పుడు ఏమీ ఎరగనట్టు పళ్ళెం బోర్లించి, ట్యూబు బిగించేస్తే చాలు. పడవ మళ్ళీ నూరడుగుల దగ్గర ఆగుతుంది. అమ్మాజీ తీర్పు చెప్తుంది. రేపు సోమవారం. పిల్లలు చాపలేసుకుని వరసగా కూర్చుంటారు. నల్లబల్ల ఎక్కడ తగిలించాలో కూడా ఆవిడ ఎప్పుడో అనుకుని పెట్టుకుంది.

ఎవరికీ తెలియదు. అసలెవరూ అడగలేదు కూడా.

కానీ తెలిసిన జవాబుని నోట్లో పెట్టుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. ఆ జబ్బు ఉండబట్టే కదా నలుగురికి పాఠం చెప్పాలని పడి చస్తోంది! పైగా ఆ డబ్బాని మళ్ళీ ఆ మోటారు పక్కకి తోసి, మీద స్క్రూలు బిగిస్తుంటే చూస్తూ నిలబడాలి.

"ఇలా రండి అందరూ" అంది. పోతయ్య వచ్చాడు, పోతయ్య బావమరిది వచ్చాడు. అమ్మాజీ రాలేదు గానీ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

ఉమాదేవి రిసీవరు బయటికి తీసి, సంచీలోంచి ట్రాన్సిస్టరు తీసి, పెద్దగా పాడించి డబ్బాలో పెట్టింది. పళ్ళెం బోర్లించింది. పాట గొంతు నొక్కేసినట్టు ఆగిపోయింది. పళ్ళెం ఎత్తింది. పాట. మూసింది. నిశ్శబ్దం.

"ఓరి నాయనో" అన్నాడు పోతయ్య. "ఇన్నాళ్ళూ గదిలో పెట్టి తాళమేసి, రమ్మని పిలుస్తన్నామా సారూ?"

వెంకటాద్రి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "నేనూ ఇదే అనుమానిస్తున్నాను" అన్నారు.

"రిసీవరుకి ప్లాస్టిక్‌ది ఏదైనా కావాలి. ఆ తీగ చుట్టకూడదు, నిలువుగా తెరచాప కొయ్యకి కట్టాలి" అంది ఉమాదేవి. ఆ అనడంలో ఎవరూ ఎదురు చెప్పే వీల్లేని పంతులమ్మ గొంతు వచ్చేసింది.

ప్లాస్టిక్‌ది ఒక్కటే ఉంది, జంతికల సీసా. అందరూ అమ్మాజీ ఒళ్ళోకి చూశారు.

"ఇవ్వనని నేనన్నానా?" అంది ఆవిడ. ఉమాదేవి స్టీలు డబ్బా చాపింది. అమ్మాజీ అందులోకి జంతికలు వొంపింది. ఇద్దరి చేతులూ అరచెయ్యి దూరంలోకి వచ్చాయి. మాట మాత్రం రాలేదు.

*

ఈసారి యాంటెన్నా గట్టు మీదే పడి ఉంది. పోతయ్య అవతలి గట్టుకి వెళ్ళి నిలబడ్డాడు. రిమోటుకి దానితో వచ్చిన పొట్టి ఏరియల్ ఒక్కటే. మోటారు గుయ్యిమంది. నూరడుగులు వచ్చాయి. ఎర్ర జాకెట్టుగుడ్డ ఆగలేదు. ఇంకా వెళ్తోంది. చెరువు నడిమికి వెళ్ళింది. అవతలి గట్టుకి దగ్గరవుతోంది.

"వెళ్తోంది! ఉమా, వెళ్తోంది!" వెంకటాద్రి గారు మీట మీద బొటనవేలు పెట్టి పిల్లాడిలా గెంతుతున్నారు.

పడవ అవతలి గట్టుకి ముక్కు ఆనించి, వెనక్కి జరిగింది. ఇక తిరిగొస్తే సరి, హాలు దానిదే. ఉమాదేవి అటు చూడదలుచుకోలేదు. ఉప్పుగాలికి జంతికలు మెత్తబడతాయని డబ్బాకి మూత పెట్టబోయింది. చేతికి పళ్ళెమే తగిలింది.

"ఏమండీ, దీని మూతేదీ?"

"మూతెక్కడిది? నేను తీసినప్పుడే లేదు. అందుకే కదా పళ్ళెం కట్టింది."

"లేకపోవడమేమిటి? నా చేత్తో కడిగి, మూతతో సహా బోర్లించాను."

"నేను చూసేసరికి ఉత్త డబ్బా ఉందోయ్. మూత లేని డబ్బా ఎవరికి కావాలిలే అనుకునే తీశాను. అక్కయ్యని బస్సెక్కించి ఇంటికొచ్చిన సాయంత్రమే."

ఉమాదేవి తలెత్తింది. వెంకటాద్రి గారు తలతిప్పారు. ఇద్దరూ ఒకేసారి చూసింది ఒకే వైపు.

అమ్మాజీ కొంగల్ని లెక్కపెడుతోంది.

"అక్కయ్యా..." అన్నారు వెంకటాద్రి గారు. బొటనవేలు మీట మీదే ఉండిపోయింది.

"సారూ! తూము!" అవతల్నుంచి పోతయ్య కేక. "సారూ, చుక్కాని తిప్పండి, తూముకేసి పోతంది!"

ఆయనకి వినపడలేదు. వాళ్ళ అక్కయ్య మొహం అలా ముడుచుకోవడం ఆయన పుట్టి ఎరగరు. ఎర్ర జాకెట్టుగుడ్డ తూము నీడలోకి వెళ్ళింది. పోతయ్య నీళ్ళలోకి దూకిన చప్పుడు.

అమ్మాజీ తమ్ముడి వైపు చూడలేదు. మధ్యలో లైను అడగలేదు. దసరాల తర్వాత మొట్టమొదటిసారి, తిన్నగా మరదలి మొహంలోకే చూసింది.

"ఉమా, నా గిన్నెకి మూత లేకపోతే ఏదో ఒకటని తీసి పెట్టుకుని, నీ సున్నుండలు పట్టుకెళ్ళాను. డబ్బా మీద ఒట్టేశాను గానీ, మూత మాట ఎత్తలేదు. గుడివాడలో నా వంటింట్లోనే ఉంది." ఆవిడ గొంతు సవరించుకుని, చెరువంతా వినపడేట్టు అంది. "తప్పు నాదేనమ్మా."